తాగునీటికే వదిలిన ఏడు

అండం విడుదలయ్యేటప్పుడు చప్పుడు కాదు. కొందరికి పొత్తికడుపులో ఒక పక్కన సన్నటి నొప్పి వస్తుంది, చాలామందికి అదీ ఉండదు. ఆ గడియలో ఆ మనిషి మిరపకాయలు కోస్తూ ఉండవచ్చు, ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఉండవచ్చు, చంటిపిల్ల ఉన్న తోడికోడలితో పోట్లాడుతూ ఉండవచ్చు. నా వృత్తి అంతా ఈ చప్పుడు లేని సంగతి చుట్టూ తిరిగింది. కొన్నేళ్ళు నందిగామలో ఒక నర్సింగ్ హోములో, తర్వాత జగ్గయ్యపేటలో సొంత క్లినిక్కులో స్త్రీల వైద్యం చేసి, ఈమధ్యనే బోర్డు దించాను. కాన్పులు చాలా చేశాను. అయినా నాకు పాఠాలు నేర్పింది కాన్పుకు వచ్చినవాళ్ళు కాదు, కాన్పు దాకా రాలేకపోయినవాళ్ళు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. మా నాన్నగారు సంఘకాపరి. పొద్దున్నే వాక్యం చదవకుండా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నేను చెప్పబోయే కేసు నా చదువూ నా విశ్వాసమూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న కేసు, కాబట్టి ఆ సంగతి ముందే చెబుతున్నాను.

కాలువ లెక్క

పుస్తకాల్లో చదివి వచ్చిన విషయమే అయినా, మా వైపు ఆడవాళ్ళకు చెప్పేటప్పుడు నేను దాన్ని కాలువ లెక్కన చెప్పేదాన్ని. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అదే తూము తిప్పే లస్కరు. అది హార్మోనును ధారగా వదలదు. కాసేపు వదిలి, కాసేపు ఆపి, మళ్ళీ వదులుతుంది. సాగరు ఎడమ కాలువ కింద మా రైతులు వంతుల నీళ్ళను ‘ఆన్ అండ్ ఆఫ్’ అంటారు కదా, అచ్చం అలాగే. ఆ తడులు అందితే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. వాటిలో ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండం ఉన్న చిన్న నీటితిత్తిని పెంచుతుంది. పెరిగే తిత్తి ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజన్ బాగా పెరిగి కొంతసేపు అలాగే నిలబడితే, పైన పిట్యూటరీకి పంట పండిందన్న కబురు అందుతుంది. అప్పుడది రెండోదైన ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా వదులుతుంది. రోజున్నరలోపు తిత్తి పగిలి అండం బయటపడుతుంది. పగిలిన తిత్తి ఊరికే పోకుండా ప్రొజెస్టరాన్ ఇచ్చి గర్భసంచిని మెత్తగా ఉంచుతుంది. బిడ్డ పడకపోతే అదీ వాడిపోతుంది, అప్పుడు నెలసరి వస్తుంది.

దీన్లో గుర్తుంచుకోవలసింది ఒక్కటే. కింద పొలం ఎండిందని పొలాన్ని తిట్టకూడదు, పైన తూము ఎందుకు మూశారో ముందు కనుక్కోవాలి. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో ఎంతోమంది ఫైళ్ళ నిండా పొలం ఫోటోలే ఉండేవి, స్కాన్ తర్వాత స్కాన్. లస్కరును పలకరించినవాళ్ళే లేరు.

ఇద్దరు పెద్దలు

నేను పని నేర్చుకున్నది ఒక మిషన్ ఆసుపత్రిలో, అందరం పెద్దమ్మగారని పిలిచే ఒక డాక్టరు దగ్గర. పిల్లలు లేరని ఎవరు వచ్చినా ఆమె కలం తీసేది కాదు. ముందు మాట్లాడేది. నేనొకసారి ఒక రోగిని “బాగా తింటున్నావామ్మా” అని అడిగితే, ఆ రోగి వెళ్ళాక పెద్దమ్మగారు నన్ను పిలిచింది.

“బాగా తింటున్నావా అంటే లేదని ఎవరంటారే పిచ్చిపిల్లా? అత్తగారు పక్కనే ఉంటే అసలే అనరు. నిన్న మధ్యాహ్నం ఏం కూరో అడుగు. కూర పేరు వెంటనే వస్తే తిన్నట్టు. ఆలోచిస్తే తిననట్టు.”

నందిగామ నర్సింగ్ హోము యజమాని తీరు వేరు. చెడ్డవాడు కాదు. లేనివాళ్ళ దగ్గర ఫీజు వదిలేయడం నా కళ్ళతో చూశాను. కానీ పిల్లలు లేరని వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటిరోజే అండం పెరిగే బిళ్ళ రాయాలనేది ఆయన రూలు.

“ఎందుకు ఆగిందో తెలియలేదు కదండీ” అన్నాను ఒకసారి.

“తెలుసుకునేసరికి వాళ్ళు విజయవాడలో ఇంకో డాక్టరు దగ్గరుంటారమ్మా. ఉత్త చేతులతో పంపితే మళ్ళీ రారు. నువ్వు రాయి, తగిలితే తగుల్తది.”

తగలడం అబద్ధం కాదు, కొందరికి తగిలేది. ఉత్త చేతులతో పంపితే మళ్ళీ రారన్నదీ నిజమే, నా సొంత క్లినిక్కులో అనుభవించాను. అయినా నేను పెద్దమ్మగారి వైపే నిలబడ్డాను. ఆ బిళ్ళ చేసే పని ఒక మాయ. ఒంట్లో ఉన్న ఈస్ట్రోజన్ పైన మెదడుకు కనబడకుండా తెర వేస్తుంది. లేదనుకుని మెదడు గట్టిగా పని చేస్తుంది. అసలే ఈస్ట్రోజన్ లేని మనిషికి తెర వేసి ఏం లాభం? లేనిదాన్ని దాచలేం కదా.

గ్యాసు బిళ్ళ

చందర్లపాడు నుంచి ఒకావిడ వచ్చింది. ఒక కొడుకు, బడికి వెళ్తున్నాడు. రెండో బిడ్డ లేదు, నెలసరీ ఆగిపోయింది. సిగ్గుపడుతూ చెప్పిన సంగతి ఏమిటంటే, రొమ్ముల్లో పాలు వస్తున్నాయి. అంతకుముందు చూసినవాళ్ళు మెదడులో గడ్డ ఉందేమో స్కాన్ తీయించమన్నారు. ఊళ్ళో అప్పుడే ఆమెకు గడ్డ ఉందని చెప్పుకుంటున్నారట.

“మీ కవర్లో ఉన్నవన్నీ ఈ బల్లమీద పెట్టమ్మా” అన్నాను. ఈ అలవాటు కూడా పెద్దమ్మగారిదే.

పర్సు, ఆధార్ కార్డు, దువ్వెన, వాటి మధ్య సగం వాడిన గ్యాసు మాత్రల షీటు.

“ఇవి ఎప్పట్నించి?”

“అవి మందులు కాదులెండి, గ్యాసుకి. షాపులో ఇస్తారు. రోజూ పొద్దున్నే ఒకటి ఏసుకోకపోతే నాకు టీ కూడా సహించదు.”

ఆ రకం బిళ్ళలో వాంతి ఆపే మందు ఒకటి కలిపి ఉంటుంది. అది ప్రొలాక్టిన్ అనే పాల హార్మోనును పెంచుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే చంటిబిడ్డ పాలు తాగుతోందనుకుని మెదడు తూము మూసేస్తుంది. బిళ్ళ ఆపించి, కొంతకాలం ఆగి మళ్ళీ రక్తపరీక్ష చేయించాను. ప్రొలాక్టిన్ దిగింది, నెలసరి వచ్చింది. స్కాన్ అవసరమే పడలేదు. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పేదాన్ని. ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో తెలియదు.

నూనె రాసుకుని వచ్చిన అమ్మాయి

ఇక సునీత సంగతి.

వత్సవాయి మండలంలో ఒక ఊరు. భర్త దానియేలు ట్రాక్టరు తోలుతాడు, కాలువ చివర కొద్దిగా పొలం ఉంది. ఒక శనివారం అత్తగారితో కలిసి వచ్చింది. అత్తగారి పేరు దీనమ్మ. తెల్లచీర, చేతిసంచిలో వాక్యగ్రంథం, గట్టి గొంతు. ఊరి సంఘంలో స్త్రీల కూడిక నడిపేది ఆమేనని రెండు మాటల్లో తెలిసిపోయింది.

“వందనాలమ్మా. మీరు ప్రభువులో ఉన్నవారని చెప్తే వచ్చాం. పెళ్ళయి నాలుగేళ్ళు. మావాడికి పరీక్షలు చేయించాం, వాడికేం లోపం లేదన్నారు. ఖమ్మంలో బిళ్ళలు వాడాం, అయిపోయినయ్యి. నెల రాటానికి కూడా బిళ్ళలిచ్చారు. వాటిక్కూడా నెల రాలేదు.”

ఈ చివరి మాట దగ్గర నేను ఆగాను. నెల రావడానికి ఇచ్చేది ప్రొజెస్టరాన్. ఈస్ట్రోజన్ కాస్తయినా ఉండి గర్భసంచి పొర పెరిగి ఉంటే, ఆ బిళ్ళలు ఆపగానే ఎంతోకొంత కనబడాలి. అసలు రాలేదంటే పొరే లేదన్నమాట. పొలంలో ఒక్క తడి కూడా పడలేదు.

సునీత చేయి పట్టుకుని నాడి చూశాను. ఎండాకాలంలో చెయ్యి చల్లగా ఉంది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ముంజేతుల మీద పసిపిల్లలకు ఉండే నూగు. పెదవుల మూలలు పగిలాయి. కానీ తల నున్నగా నూనె పెట్టి దువ్వుకుంది, మొహం కడిగి పౌడరు రాసుకుంది, నవ్వు మొహం. మా సిస్టర్ విమల మజ్జిగ తెచ్చి ఇస్తే, “వద్దక్కా, ఇప్పుడే తాగొచ్చా” అంది.

“నిన్న మధ్యాహ్నం ఏం కూర చేసుకున్నారమ్మా?” అన్నాను.

“నిన్నా... నిన్న శుక్రవారం గదండీ” అని, వెంటనే పెదవి కరుచుకుంది.

నాకు అర్థమైంది. ఇంకే డాక్టరుకైనా అర్థమయ్యేది కాదేమో. ఉపవాసం ఉన్నప్పుడు మొహం వేలాడేసుకుని నలుగురికీ చూపించుకోవద్దనీ, తలకు నూనె రాసుకుని మొహం కడుక్కోమనీ ప్రభువు చెప్పాడు. మా అమ్మ కూడా ఉపవాసం రోజున మామూలు రోజుకంటే శుభ్రంగా తల దువ్వుకునేది. ఆ అమ్మాయి వాక్యాన్ని పాటించి తన ఆకలిని దాచింది. అందుకే ఖమ్మంలోనూ, అంతకుముందూ ఎవరికీ చిక్కలేదు. తింటున్నావా అంటే తింటున్నానంది, నిజంగానే మిగతా రోజుల్లో తింటోంది.

దీనమ్మను రక్తపరీక్ష చీటీలతో సిస్టర్ వెంట ల్యాబుకు పంపి, తలుపు దగ్గరగా వేశాను.

“వారానికి ఎన్ని రోజులమ్మా?”

“మూడండి. పొద్దు గూకేదాకా. ఈస్టరు ముందు శ్రమల దినాల్లో రోజూ.”

“పనికి వెళ్తావా ఆ రోజుల్లో?”

“వెళ్తా. మిరపకోతలకి వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. అప్పుడు చెప్పాల్సొస్తది గదా.”

మిగతాది తనే చెప్పింది.

“ముందు రెండు రోజులే ఉండేదాన్నండి. అట్లా ఉంటుండగా ఒక నెల తప్పింది. అత్తమ్మ సంతోషం ఆపుకోలేక ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేసింది, దేవుడు మా ప్రార్థన ఆలకించాడని. అందరూ స్తోత్రాలు చెప్పారు. ఆ తర్వాత పరీక్షలో ఏం లేదని తేలింది. అత్తమ్మ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. సాక్ష్యం అబద్ధమైంది గదండీ. అప్పుడు మూడో రోజు కలిపాం.”

“కలిపింది అత్తగారా?”

“నేనేనండి. నావల్లేగదా ఆమె నలుగుర్లో తలొంచుకుంది.”

“ఇప్పుడు భోంచేయమంటే చేస్తావా?”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “కడుపు పండేదాకా అని మొక్కుబడి చేశామండి. మధ్యలో ఆపితే ఇచ్చేవాడు కూడా ఇవ్వడేమోనని భయం.”

అదీ సంగతి. ఆకలితో ఒంట్లో బలం తగ్గినందువల్ల నెలసరి ఆగింది. ఆగిన నెలసరిని గర్భం అనుకున్నారు. అది కాదని తేలాక ఇంకా ఆకలి పెంచారు. లోపల బిడ్డకు దారి పూర్తిగా మూసుకుపోయింది. రిపోర్టులు వచ్చాక అదే కనబడింది. పిట్యూటరీ హార్మోన్లు రెండూ అట్టడుగున ఉన్నాయి, ఈస్ట్రోజన్ లేనంత. థైరాయిడు, ప్రొలాక్టిన్ బాగానే ఉన్నాయి.

పెద్ద ఊళ్ళో ఇలాంటి మనిషికి రోజూ సూదులు పొడిచి అండాన్ని బలవంతంగా పండించవచ్చు. చేసేవాళ్ళున్నారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. తన ఒంటికే చాలని ఆహారంతో ఉన్న తల్లి కడుపులో బిడ్డను పెట్టడం వైద్యం కాదు, తొందర. ఊరికే ‘తినమ్మా’ అని పంపినా లాభం లేదు. ఆ అమ్మాయి మందుల చీటీకంటే మొక్కుబడికి ఎక్కువ భయపడుతోంది. ఆ భయాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు, ఎందుకంటే నేనూ ఆ దేవుడికే భయపడతాను.

దీనమ్మతో

రిపోర్టులు తీసుకుని ఇద్దరూ మళ్ళీ వచ్చినప్పుడు దీనమ్మను ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టాను.

“మీ పొలం కాలువ కిందేనా?” అన్నాను.

“ఆఁ, చివరాకర. పైవాళ్ళంతా తడుపుకున్నాక మా వంతు.”

“సాగరులో నీళ్ళు లేని ఏడు ఏం చేస్తారు?”

“వరి ఏసుకోవద్దని చెప్తారు. తాగటానికే వదుల్తారు, చెరువులు నింపుకోమంటారు.”

“పొలానికి ఎందుకు వదలరు? మీరు అడగరా?”

“అడగటానికేముంది డాక్టరమ్మా, ముందు మనుషులు బతకాలి గదా. పంటదేముంది, వచ్చే ఏడైనా పండుద్ది.”

“మీ కోడలి ఒంట్లో రెండేళ్ళుగా అదే జరుగుతోంది. తినే తిండి గుండెకీ, మెదడుకీ, నడవడానికీ సరిపోతోంది. పైన లస్కరు చూశాడు, నీళ్ళు తక్కువ ఉన్నాయి, తాగడానికే వదిలాడు. అండం పంటలాంటిది. దానికి వదల్లేదు. ఆమెలో ఏ జబ్బూ లేదు. తెలివైన ఒళ్ళు, చేయవలసిందే చేసింది.”

ఆమె చేతిసంచి పిడిని మెలిపెడుతూ కూర్చుంది. ఆ గట్టి గొంతు సన్నబడింది.

“అంటే నా ప్రార్థనే నా ఇంటికి అడ్డమొచ్చిందంటారా?”

“ప్రార్థన కాదమ్మా. ఆకలి.”

“మాకు రెండూ ఒకటే అన్నట్టుగా బతికామండి ఇన్నాళ్ళూ.”

“స్త్రీల కూడికలో హన్నా గురించి మీరు బాగా చెప్తారటగా, సునీత చెప్పింది” అన్నాను.

“ఆమే గదా మాకు ఆధారం. బిడ్డ లేక, తిండి మానేసి, మందిరంలో ఏడ్చిన తల్లి.”

“ఆ అధ్యాయం ఒకసారి చదవండి. నేనూ వింటాను.”

సంచిలోంచి గ్రంథం తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, కూడికలో చదివే రాగంతోనే చదివింది. సవతి ఎత్తిపొడవడం, హన్నా అన్నం ముట్టకపోవడం, మొక్కుబడి చేయడం, పెదవులు కదులుతుంటే యాజకుడు తాగి వచ్చిందనుకోవడం, తర్వాత నెమ్మదిగా వెళ్ళమని దీవించడం. ఆ తర్వాతి వాక్యం దగ్గర రాగం ఆగిపోయింది. హన్నా లేచి తన దారిన వెళ్ళిందనీ, భోజనం చేసిందనీ, ఆపైన ఆమె మొహంలో దిగులు లేదనీ ఉంది అక్కడ. బిడ్డ కడుపున పడ్డ మాట ఆ తర్వాతే వస్తుంది.

వేలు ఆ వరుస మీదే ఉంచి, రాగం లేకుండా మళ్ళీ చదువుకుంది.

“ఎన్నిసార్లు చదివానో డాక్టరమ్మా. దీవెన దగ్గరికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చేస్తది, అక్షరాలు కనపడవు. కన్నీళ్ళు తుడుచుకుని నేరుగా బిడ్డ పుట్టిన కాడికెళ్తా. మధ్యలో ఆమె అన్నం తిన్నదని చూడనే లేదు.”

లేఖనం వైద్యగ్రంథమని నేను అనను. హార్మోన్ల సంగతి దాన్లో వెతికేవాళ్ళంటే నాకు విసుగు. కానీ ఏడవడానికి ఒక సమయం ఉన్నట్టే, దేవుడు విన్నాడని నమ్మి లేచి కంచం ముందు కూర్చోడానికీ ఒక సమయం ఉంటుంది. ఆ కూర్చోవడమే విశ్వాసమని నేను నమ్ముతాను. ఆమెకు ఆ మాటే చెప్పాను.

ఆమె గ్రంథం మూసి, “మొక్కుబడి పెట్టించింది నేను. దాని బదులు నేనుంటా ఉపవాసం” అంది.

“మీరుండకూడదు. మీకు షుగరుంది.”

“మీకెవరు చెప్పారు?”

“గ్రంథం తీస్తుంటే సంచిలో బిళ్ళల షీటు కనపడింది.”

“ఇదేం న్యాయమండీ. ఒకరిని తినమంటారు, ఒకరిని మానొద్దంటారు. మా ఇంట్లో ఇక ఉపవాసం ఉండటానికి మిగిలింది కోడిపెట్టొక్కటే.”

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో నా సగం పని అయిపోయింది. మిగతా సగం ఆమె చేసింది.

చేతులెత్తినవాళ్ళు

ఒక ఆదివారం నన్ను తమ సంఘానికి రమ్మంది. రేకుల కప్పు, రెండు ఫ్యాన్లు, చాపలు. పాటలయ్యాక సాక్ష్యాల సమయంలో దీనమ్మ లేచింది. సునీత ఆడవాళ్ళ వరుసలో తలవంచుకుని ఉంది.

“ఈ సంఘంలో ఒకనాడు నేనొక సాక్ష్యం చెప్పా. తొందరపడి చెప్పా. అది నా తప్పేగానీ దేవుడిది కాదు, నా కోడలిదీ కాదు. ఇక్కడ్నించి నా కోడలు మూడు పూటలా తింటది. మొక్కుబడి ఆగదు. మీలో ఎవరన్నా దాని తరఫున ఒక్కో రోజు పట్టండి. నన్ను పట్టనివ్వటం లేదు ఈ డాక్టరమ్మ.”

మగవాళ్ళ వరుసలోంచి ఒక పెద్దాయన, “డాక్టర్లు చెప్తే ఉపవాసాలు మానేస్తారా ఇక?” అన్నాడు.

దీనమ్మ అతని వైపు తిరిగింది. “మానటంలా అన్నయ్యా. మనుషుల్ని మారుస్తున్నాం. యుద్ధంలో మోషే చేతులు బరువెక్కితే అటొకరు ఇటొకరు పట్టుకోలా? నువ్వు శనివారం పట్టుకో.”

నవ్వులు వినిపించాయి. పాస్టరుగారు ముందు చెయ్యెత్తారు. తర్వాత ఒకామె, “బుధవారం నాకియ్యండి, ఆ రోజు మా ఆయన ఎట్టాగూ కూరగాయలు తేడు” అంది. శుక్రవారానికి ఇద్దరు పోటీ పడ్డారు. పెద్దాయన చివరికి శనివారం తీసుకున్నాడు, సగం పూటే అని షరతు పెట్టి. సునీత మొహం ఎత్తలేదు గానీ భుజాలు కదులుతున్నాయి.

గుర్తు లేకుండా వచ్చేది

ఆ తర్వాత నా చేతిలో ఉన్నది ఎదురుచూడటమే. కొత్తగా వచ్చే డాక్టర్లకు అన్నిటికంటే కష్టమైన పని అదే. పప్పు, గుడ్డు, అన్నంలో నెయ్యి, ఎండలో పని తగ్గించడం. కొన్ని నెలలకు చేతులు వెచ్చబడ్డాయి, ముంజేతి నూగు రాలింది, జాకెట్లు బిగుతయ్యాయని సణగడం మొదలుపెట్టింది. కానీ నెలసరి మాత్రం రాలేదు.

దీనమ్మ ఫోను చేసేది. “ఇంకా బయట చేరలేదండీ. తిన్నా కూడా రాలేదంటే ఇంకేదన్నా ఉందేమో.”

“తూము తెరవగానే పంట కనపడదు కదమ్మా. ముందు అండం విడుదలవ్వాలి, నెలసరి దాని వెనక రావాలి. మొదటి అండం గుర్తు లేకుండా వస్తుంది.”

“గుర్తు లేకపోతే మనకెట్లా తెలుస్తది?”

“తెలియదు.”

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. పెద్దాయన సంఘంలో మళ్ళీ ఏదో గొణుగుతున్నాడని చెప్పి పెట్టేసింది. ఆ రోజుల్లో నా ప్రార్థనలో సునీత పేరు రాని పూట లేదు. అంతా తప్పు చెప్పి ఒక ఇంటి మొక్కుబడిని చెడగొట్టానా అన్న దిగులు నాకూ ఉండేది.

మళ్ళీ మిరపకోతల కాలం వచ్చింది. ఒక పొద్దున సునీత, దీనమ్మ ఇద్దరూ క్లినిక్కు మెట్లెక్కారు. సునీత మొహం పాలిపోయింది. ఈసారి తలకు నూనె లేదు, జడ కూడా సరిగ్గా వేసుకోలేదు. మళ్ళీ ఉపవాసం మొదలుపెట్టిందేమో అనుకున్నాను.

“తినమంటే తినటంలేదు డాక్టరమ్మా” అంది దీనమ్మ. “తిన్నదంతా కక్కుతుంది. ఘాటుకి అనుకున్నాం. గ్యాసనుకున్నాం.”

సునీత కవర్లోంచి ఒక షీటు తీసి బల్లమీద పెట్టింది. ఒక్క బిళ్ళ కూడా చింపలేదు. “షాపులో ఇచ్చారండి. మీరు చందర్లపాడు ఆవిడ సంగతి చెప్పారుగా, అందుకని ఏసుకోలా. మీకు చూపించాకే అని.”

నేను సిస్టర్ విమలను పరీక్ష చేయమన్నాను. తర్వాత స్కాన్ బల్ల మీద పడుకోబెట్టి తెర ఆమె వైపు తిప్పాను. చీకట్లో ఒక చిన్న చుక్క, దాని మధ్యలో అదురు. ఆగకుండా అదురుతోంది.

నెలసరి రాలేదని మేం ఎదురుచూస్తుంటే లోపల జరిగింది ఇదే. మొదటి అండం గుర్తు లేకుండానే వచ్చి, ఊరికే పోకుండా నిలబడింది. నెలసరికి అసలు వంతే రాలేదు.

దీనమ్మ తెర వైపు చూస్తూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. స్తోత్రం అని పెదవులు కదిలాయి గానీ మాట బయటకు రాలేదు.

“ఈ ఆదివారం సాక్ష్యం చెప్తారా?” అన్నాను.

“పుట్టి, ఏడ్చి, పాలు తాగినాక చెప్తా. ఈసారి నోరు నా దగ్గరే ఉంటది.” చెంగుతో కళ్ళు తుడుచుకుని, “ఉపవాసాలు పట్టినోళ్ళకి మాత్రం చెప్పాలి. పెద్దాయన ఈ శనివారం నించి టిఫిను తినొచ్చు” అంది.

సునీత లేచి కూర్చుని చీర సర్దుకుంటోంది. ఇన్నేళ్ళ వృత్తిలో తెలియదని తెలిసీ అడగాలనిపించే ప్రశ్న ఒకటి ఉండిపోయింది. ఆమెను అడిగాను, “ఆ రోజు ఏదన్నా తెలిసిందామ్మా నీకు? నొప్పిగానీ, ఏదన్నా తేడాగానీ?”

ఆలోచించింది. “ఏ రోజో కూడా తెలియదు గదండీ. ఏం తెలియలేదు. ఏం చేస్తున్నానో కూడా గుర్తులేదు.”

దీనమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ అంది.

“అన్నం తింటా ఉండుంటది లెండి.”